టెక్ సందేహాలు: ఐ7 సరే, ఏ ఐ7?

ఈ వారం మెసేజ్‌లు చూస్తే డెస్క్‌టాప్ ప్రాసెసర్ల గురించే ఎక్కువ వచ్చాయి, అందుకే ఫోన్ల సందేహాలు పక్కన పెట్టి అన్నీ ఇవే తీసుకున్నా. ఫోన్ల వాళ్లు ఏమీ అనుకోకండి, వచ్చే వారం మీదే.

సార్, మాది తెనాలి. సెకండ్ హ్యాండ్‌లో ఒక సిస్టం చూశాను, ఐ7, 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ అన్నీ ఉన్నాయి. ఇంకో చోట కొంచెం ఎక్కువ రేటుకి ఐ3-12100 సిస్టం ఉంది, కానీ ర్యామ్ 8 జీబీయే. ఐ7 దొరుకుతుంటే ఎవడైనా ఐ3 కొంటాడా అని ఫ్రెండ్స్ నవ్వుతున్నారు. ఏది తీసుకోమంటారు?

ముందు ఆ షాపాయన్ని ఒక్క మాట అడగండి, ఐ7 సరే, ఏ ఐ7 అని. ఎందుకంటే ఇంటెల్ ప్రాసెసర్లలో ఐ7-2600 కూడా ఐ7యే, ఐ7-14700కే కూడా ఐ7యే. మొదటిది 2011లో వచ్చింది, 4 కోర్లు 8 థ్రెడ్స్ (కోర్ అంటే లెక్కలు చేసే చేయి, థ్రెడ్ అంటే అది ఒకేసారి నడిపే పని వరస). రెండోది 2023 చివర్లో వచ్చింది, 20 కోర్లు 28 థ్రెడ్స్. పేరు మాత్రం ఒకటే, అందుకే సెకండ్ హ్యాండ్ వాళ్లకి ఈ పేరంటే అంత ప్రేమ, ఐ7 అని స్టిక్కర్ కనిపిస్తే చాలు జనం మిగతాది అడగరని వాళ్లకి తెలుసు.

గీత తర్వాతి అంకెల్లో చివరి మూడు వదిలేస్తే మిగిలేదే జనరేషన్, అంటే ఎన్నో తరం చిప్ అన్నది. 3770 అంటే మూడు, 4770 అంటే నాలుగు, 12100 అంటే పన్నెండు. మూడే అంకెలు ఉంటే, ఐ7-860, 870 లాంటివి, అవి ఫస్ట్ జనరేషన్, 2009 నాటి సరుకు, వాటి జోలికే వెళ్లొద్దు. ఆ ఐ3 సిస్టం కన్నా తక్కువ రేటులో సాధారణంగా అంటగట్టేది 3770 గానీ 4770 గానీ. షాపులోనే టాస్క్ మేనేజర్ ఓపెన్ చేయించి పర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ మీద నొక్కితే పూర్తి పేరు కనిపిస్తుంది, ఆయన నోటి మాట కాదు ఆ లైన్ చూడండి.

ఇక అసలు కథ ఏంటంటే 2011లో 2600 దగ్గర్నుంచి 2017 జనవరిలో 7700కే దాకా ఇంటెల్ మామూలు డెస్క్‌టాప్ ఐ7లన్నీ 4 కోర్లు 8 థ్రెడ్స్ మీదే ఆగిపోయాయి. చిప్ తయారీ సైజు 32 నానోమీటర్ పోయి 22 వచ్చింది, అది పోయి 14 వచ్చింది, క్లాక్ స్పీడ్ కొంచెం కొంచెం పెరిగింది, చిప్ కూర్చునే సాకెట్ మాత్రం ఠంచనుగా మారుతూ వచ్చింది, కోర్లు మాత్రం అవే. పోటీ కంపెనీ ఏఎండీ అప్పట్లో ఎఫ్ఎక్స్ సిరీస్‌తో చతికిలబడింది కాబట్టి అడిగేవాడు లేడు. 2017 మార్చిలో ఏఎండీ రైజెన్ 7 1800ఎక్స్ 8 కోర్లు 16 థ్రెడ్స్‌తో దిగేసరికి ఒక్కసారిగా నిద్ర వదిలింది, అదే ఏడాది అక్టోబర్‌కల్లా 8700కే లో 6 కోర్లు, మరుసటి ఏడాది 9900కే లో 8 కోర్లు వచ్చేశాయి. ఆరేళ్లు చేయలేనిది ఏడాదిన్నరలో ఎలా చేశారో మీరే ఆలోచించుకోండి.

మీ ఐ3-12100 విషయానికొస్తే అది 2022 జనవరిది, దానికీ 4 కోర్లు 8 థ్రెడ్సే, 4.3 గిగాహెర్ట్జ్ వరకు వెళ్తుంది. కాగితం మీద చూస్తే 4.5 దాకా వెళ్లే 7700కే కన్నా తక్కువే. కానీ ఒక్కో క్లాక్‌కి ఎంత పని అవుతుందన్నది గిగాహెర్ట్జ్‌లో కనిపించదు, అక్కడే ఐ3 గెలుస్తుంది, ఆ 7700కే నే దాటేస్తుంది, ఇక 3770, 4770 గురించి చెప్పేదేముంది. పైగా విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ లిస్టులో ఇంటెల్ అయితే దాదాపుగా 8వ జనరేషన్ నుంచే ఉన్నాయి, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. పాత ఐ7లో ర్యామ్ కూడా డీడీఆర్3 అనే పాత రకం అయ్యుంటుంది, రేపు వేరే సిస్టంకి మారినా అది పనికిరాదు. ఐ3 తీసుకోండి, ర్యామ్ తర్వాత ఇంకో 8 వేసుకోవచ్చు. నవ్వేవాళ్లని నవ్వనివ్వండి.

అన్నా, సికింద్రాబాద్ సీటీసీలో జియాన్ ఈ5-2680 వీ4 బోర్డుతో కలిపి కాంబో ఉంది, 14 కోర్లు 28 థ్రెడ్స్. 14700కే కి కూడా 28 థ్రెడ్సే కదా. ఇంత తక్కువకి ఎలా ఇస్తున్నారు?

28, 28 సమానమే తమ్ముడూ, అంకె వరకు. నువ్వు చెప్పే జియాన్ 2016లో సర్వర్ల కోసం వచ్చింది, బేస్ 2.4, టర్బో 3.3 గిగాహెర్ట్జ్. 14700కే 5.6 దాకా వెళ్తుంది, అదీ చాలా కొత్త డిజైన్ మీద. డేటా సెంటర్లు పాత సర్వర్లు తీసేసినప్పుడు ఈ చిప్స్ కుప్పలుగా బయటికొస్తాయి, వాటికి పేరు లేని కంపెనీల బోర్డులు జతచేసి అమ్ముతారు, అందుకే ఆ రేటు. రాత్రంతా రెండర్ పెట్టి వదిలేసే పనికి, నాలుగైదు వర్చువల్ మెషీన్లు నడిపి లినక్స్ నేర్చుకోవడానికి అయితే చవకలో మంచి బేరమే, నేను కాదనను. గేమ్స్‌కి, ఫొటోషాప్‌కి, బ్రౌజర్‌కి మాత్రం ఒక్కో కోర్ స్పీడే ముఖ్యం, అక్కడ ఇది నీరసంగా ఉంటుంది. గ్రాఫిక్స్ లోపల ఉండదు, కార్డ్ విడిగా కొనాలి. విండోస్ 11 అఫీషియల్ లిస్టులో లేదు. బోర్డు పోతే మళ్లీ అలాంటిదే వెతుక్కోవాలి, వారంటీ అంటే ఆ షాపాయన మొహమే వారంటీ.

వరంగల్‌లో పెళ్లిళ్ల వీడియోలు ఎడిట్ చేస్తాను. కొత్త కెమెరా తీసుకున్నప్పటి నుంచి 4కే ఫుటేజ్ టైమ్‌లైన్ మీద ఆగి ఆగి వస్తోంది. నా దగ్గర రైజెన్ 9 5900ఎక్స్, 32 జీబీ, ఆర్‌టీఎక్స్ 3060 ఉన్నాయి. 12 కోర్లు సరిపోవట్లేదేమో, ఇంకా ఎక్కువ కోర్లుండే ఏఎండీ థ్రెడ్‌రిప్పర్‌కి వెళ్లమంటున్నారు. లోన్ పెట్టి తీసుకోవచ్చా?

ఆగండాగండి, లోన్ దాకా వెళ్లొద్దు. కొత్త కెమెరా తీసుకున్నప్పటి నుంచి అన్నారు చూడండి, జవాబు అక్కడే ఉంది. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాలు చాలా వరకు 10 బిట్ 4:2:2 లో (రంగుల వివరం ఎక్కువగా దాచే పద్ధతి), హెచ్.265 లో (ఫైల్‌ని బాగా కుదించే పద్ధతి) రికార్డ్ చేస్తాయి. కలర్ గ్రేడింగ్‌కి అద్భుతంగా ఉంటుంది, కానీ ఆ ఫైల్‌ని టైమ్‌లైన్ మీద విప్పడానికి చిప్‌లో దానికంటూ ఒక డీకోడర్ ఉండాలి. మీ 5900ఎక్స్ లో గ్రాఫిక్సే లేదు, 3060 లో డీకోడర్ ఉంది గానీ అది 4:2:2 ని ముట్టుకోదు. అందుకని మొత్తం బరువు 12 కోర్ల మీద పడి అవి తలకిందులవుతున్నాయి. థ్రెడ్‌రిప్పర్ తెచ్చినా అదే పని ఇంకా ఎక్కువ కోర్లతో మొండిగా చేస్తుంది, అంతే.

ఇంటెల్‌లో 11వ జనరేషన్ నుంచి లోపలి గ్రాఫిక్స్‌కి ఈ 10 బిట్ 4:2:2 హెచ్.265 డీకోడ్ ఉంది, క్విక్ సింక్ అంటారు. అందుకే పెళ్లిళ్ల ఎడిటింగ్ చేసేవాళ్లకి నేను ఎప్పుడూ చెప్పేది, ఇంటెల్ కొంటే చివర్లో ఎఫ్ ఉన్నది మాత్రం కొనకండి అని. 12400ఎఫ్, 14700కేఎఫ్ ఇలాంటివాటిలో గ్రాఫిక్స్ ఆఫ్ చేసి ఉంటుంది, కాస్త రేటు తగ్గుతుందని జనం అదే తీసుకుంటారు, మీ పనికి కావాల్సిన ముక్క దాంట్లోంచే తీసేశారని తెలియదు. మీకైతే సిస్టం మార్చక్కర్లేదు, ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ కార్డుల్లో 4:2:2 డీకోడ్ వచ్చింది, 3060 అమ్మేసి దానికి మారొచ్చు. అంతకన్నా చవక దారి, స్లాట్ ఖాళీ ఉంటే ఇంటెల్ ఆర్క్ ఏ380 లాంటి చిన్న కార్డు ఒకటి పక్కన పెట్టుకోవడం, సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో డీకోడ్‌కి దాన్ని ఎంచుకోవాలి. రూపాయి ఖర్చు లేని దారి ప్రాక్సీలు, దిగుమతి చేసేటప్పుడే చిన్న సైజు కాపీలు తయారు చేసుకుని వాటి మీద ఎడిట్ చేసి చివర్లో అసలు ఫైళ్లతో ఎక్స్‌పోర్ట్ కొట్టండి. ఇంకో ముక్క, ఇదే 4:2:2 ని హెచ్.264 లో తీస్తే ఇంటెల్ 11 నుంచి 14 జనరేషన్ దాకా డెస్క్‌టాప్ గ్రాఫిక్స్‌లో ఈ సాయం దొరకదు, కెమెరా మెనూలో ఏది పెట్టారో చూసుకోండి.

థ్రెడ్‌రిప్పర్ ఎవరికంటే బ్లెండర్‌లో సీపీయూ మీద రెండర్ కొట్టేవాళ్లకి, సిమ్యులేషన్లు నడిపేవాళ్లకి, పెద్ద పెద్ద కోడ్ రోజుకి పదిసార్లు కంపైల్ చేసేవాళ్లకి. 2017లో 1950ఎక్స్ 16 కోర్లతో వచ్చింది, 2020 ఫిబ్రవరికి 3990ఎక్స్ లో 64 కోర్లు 128 థ్రెడ్స్ అయిపోయాయి, అమెరికాలో రేటు కూడా పేరుకి తగ్గట్టు 3990 డాలర్లు పెట్టారు. తర్వాతి 7980ఎక్స్ కూడా 64 కోర్లే, 350 వాట్స్, దానికి వేసే ర్యామ్ కూడా మనం మామూలుగా కొనే డీడీఆర్5 కాదు, సర్వర్లలో వాడే రిజిస్టర్డ్ రకం. ముహూర్తం సీన్‌కి అంత అక్కర్లేదండీ.

డాలస్ నుంచి రాస్తున్నాను. ఐ7-14700కే, ఆర్‌టీఎక్స్ 4080. కొన్ని గేమ్స్ లోడ్ అవుతుండగా అవుట్ ఆఫ్ వీడియో మెమరీ అని వచ్చి క్లోజ్ అయిపోతున్నాయి. 16 జీబీ కార్డులో మెమరీ చాలకపోవడం ఏంటి?

కార్డుని తిట్టకండి, ముందు అనుమానించాల్సింది ప్రాసెసర్‌ని. 13, 14 జనరేషన్ చిప్స్‌లో ఈ గొడవ 2024లో పెద్దదైంది. అన్‌రియల్ ఇంజన్ గేమ్స్ మొదట్లో ఫైళ్లు విప్పే పనిని సీపీయూ మీద గట్టిగా వేస్తాయి, అక్కడ లెక్క తప్పితే ఆ ఎర్రర్ ఏమో వీడియో మెమరీ పేరుతో బయటపడుతుంది. చిప్ లోపలి మైక్రోకోడ్, అంటే దాన్ని నడిపే చిన్న ప్రోగ్రామ్, అవసరానికి మించి వోల్టేజ్ అడుగుతోందని, దానివల్ల కాలక్రమంలో సిలికాన్ అరుగుతోందని ఇంటెలే ఒప్పుకుంది. ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబర్‌లో 0ఎక్స్12బీ అనే మైక్రోకోడ్‌లు వచ్చాయి, బోర్డు కంపెనీ సైట్ నుంచి లేటెస్ట్ బయోస్ (సిస్టం ఆన్ చేయగానే మొదట నడిచే బోర్డు ప్రోగ్రామ్) వేసుకుంటే అవి వచ్చేస్తాయి. అయితే అది ఇకపై అరగకుండా కాపాడుతుందే తప్ప ఇప్పటికే దెబ్బతిన్న చిప్‌ని బాగుచేయదు. బయోస్ వేసి, పవర్ సెట్టింగ్స్ ఇంటెల్ డిఫాల్ట్‌లో పెట్టి చూడండి. అప్పటికీ వస్తుంటే రీప్లేస్‌మెంట్‌కి వెళ్లండి, ఈ చిప్స్‌కి వారంటీ రెండేళ్లు పెంచారు, బాక్స్‌లో కొన్నవాటికి మూడు కాస్తా ఐదేళ్లు అయింది. విడిగా కొంటే ఇంటెల్‌కి, సిస్టంతో కలిపి కొంటే ఆ సిస్టం కంపెనీకి రాయాలి. 12వ జనరేషన్ వాళ్లు కంగారు పడక్కర్లేదు, ఇది వాళ్ల గొడవ కాదు.

కోర్ అల్ట్రా 9 285కే కి 24 థ్రెడ్సే, పాత 14900కే కి 32. కొత్తది తక్కువేంటి సార్?

ఇంటెల్ ఈ డిజైన్‌లో ఒక్కో పెద్ద కోర్‌తో రెండు థ్రెడ్స్ నడిపించే హైపర్‌థ్రెడింగ్ తీసేసింది, కోర్లు మాత్రం రెండింటికీ 24, అంటే 8 పెద్దవి 16 చిన్నవి. థ్రెడ్స్ తగ్గినా రెండరింగ్‌లో పాతదానితో పోటీ పడుతుంది, కరెంటు తక్కువ తాగుతుంది, గేమ్స్‌లో మాత్రం చాలాచోట్ల 14900కే వెనకే ఉండిపోయింది. కొత్త జనరేషన్‌లో అంకె తగ్గడం ఇదే మొదటిసారి కాదు, 10900కే కి 10 కోర్లు ఉంటే దాని తర్వాతి 11900కే ని 8 కోర్లతో దింపారు. గేమ్స్ మాత్రమే అయితే ఈ రెండూ వద్దు, రైజెన్ 7 9800ఎక్స్3డీ చూడండి, 8 కోర్లే గానీ 96 ఎంబీ ఎల్3 క్యాష్, అంటే చిప్‌లోనే ఉండే వేగమైన మెమరీ, ఉంది, గేమ్స్‌కి కావాల్సింది అదే. అల్ట్రా బాక్స్ మీద ఏఐ అని రాసి ఉందని మురిసిపోకండి, దాంట్లో ఏఐ పనులకుండే ఎన్‌పీయూ అనే భాగం వేగం 13 టాప్స్ (సెకనుకి 13 లక్షల కోట్ల లెక్కలు), మైక్రోసాఫ్ట్ తన కోపైలట్ ప్లస్ ఏఐ పీసీలకి అడిగేది 40.

రామగుండంలో ఉంటాం. మా అబ్బాయి సిస్టంలో రైజెన్ 9 7950ఎక్స్ రెండర్ పెడితే 95 డిగ్రీలు చూపిస్తోంది. ఎండాకాలం ఇక్కడ సంగతి మీకు తెలుసు. కాలిపోతుందా?

కాలిపోదండీ. రైజెన్ 7000 లో పెద్ద చిప్స్‌ని కావాలనే అలా చేశారు, 95 కి చేరేదాకా స్పీడ్ పెంచుకుంటూ పోతుంది, అక్కడ తనే తగ్గుతుంది. గది ఎంత వేడిగా ఉంటే అంత ముందు తగ్గుతుంది, కాబట్టి మే నెలలో రెండర్ కొంచెం నెమ్మదిస్తుంది, అంతే నష్టం. బాక్స్ మీద 170 వాట్స్ అని ఉన్నా ఫుల్ లోడ్‌లో అసలు లాగేది 230 దాకా ఉంటుంది, నాలుగున్నర గంటలు అలా నడిస్తే దగ్గరదగ్గర ఒక యూనిట్, ఆ వేడంతా మళ్లీ మీ గదిలోకే. బయోస్‌లో ఎకో మోడ్ అని ఉంటుంది, 105 వాట్స్‌కి పెట్టించండి, పది డిగ్రీలకి పైనే దిగొచ్చు, పనిలో తేడా మాత్రం గడియారం పట్టుకుంటే తప్ప తెలియదు.

బీ450 బోర్డు, రైజెన్ 5 2600 వాడుతున్నా. మొత్తం మార్చాలా?

అక్కర్లేదు. ఏఎం4 సాకెట్‌లో ఉన్న సుఖం ఇదే, 2018 నాటి మీ బోర్డులోకే రైజెన్ 7 5700ఎక్స్ దిగిపోతుంది, 8 కోర్లు 16 థ్రెడ్స్, 65 వాట్స్. దాని తర్వాతి సాకెట్ ఏఎం5 కి వెళ్తే బోర్డు, డీడీఆర్5 ర్యామ్ అన్నీ కొత్తవి కావాలి. 5700ఎక్స్ తో కూలర్ రాదు, ఒక మామూలు టవర్ కూలర్ విడిగా తీసుకోండి. పాత ప్రాసెసర్ తీయకముందే బయోస్ అప్‌డేట్ చేసేయాలి, లేకపోతే కొత్తది పెట్టాక స్క్రీన్ రాదు. అది చేసే ఐదు నిమిషాలు సిస్టం యూపీఎస్ మీద ఉండేలా చూసుకోండి.