ఉప్పునీటి తొట్టి పెట్టబోతున్న మేనకోడలికి

చి. సింధుకి,

మావయ్య ఆశీస్సులు.

మూడడుగుల తొట్టి కొన్నానని, క్లౌన్ చేపల జత ఎప్పుడు తేవచ్చని అడిగావు. నెలన్నర దాకా తేకు. ఈలోగా నీళ్ళ సంగతి చూద్దాం. రాళ్ళూ ఇసుకా పోను నీ తొట్టిలో నికరంగా 100 లీటర్లు ఉంటాయనుకుని లెక్కలు చెబుతున్నాను. రొయ్యల చెరువులో ఒక పూట మేత కాస్త ఎక్కువైనా అన్ని నీళ్ళలో అది సర్దుకుంటుంది. 100 లీటర్లలో ఆ వెసులుబాటు ఉండదు.

ముందు మీ వంటింటి ఆర్వో దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే కొత్తవాళ్ళు మొదట దెబ్బతినేది అక్కడే. ఆర్వో నీళ్ళంటే శుద్ధమైన నీళ్ళే కదా అనుకుంటారు. కాదు. తాగడానికి రుచిగా ఉండాలని చాలా యంత్రాల్లో మెంబ్రేన్ (లోపలి వడపోత పొర) దాటిన నీళ్ళలో టీడీఎస్ (నీళ్ళలో కరిగి ఉన్న లవణాల మొత్తం) వాల్వు ద్వారా కొంత పచ్చి నీరు తిరిగి కలుపుతారు. పైగా మినరల్ కార్ట్రిడ్జ్ ఒకటి ఉంటుంది. ఈమధ్య కాపర్ కార్ట్రిడ్జ్ కూడా పెడుతున్నారు. మనిషికి దానివల్ల మంచో చెడో నాకెందుకు గానీ, రొయ్యకీ నత్తకీ పగడానికీ రాగి విషం. అందుకని మెంబ్రేన్ నుంచి నీరు బయటికొచ్చే గొట్టం దగ్గరే, ఈ వాల్వులూ కార్ట్రిడ్జ్‌లూ తగలకముందే, టీ ఆకారపు గొట్టం ముక్క ఒకటి వేయించి నీళ్ళు పక్కకి తీసుకో. ఆ నీళ్ళని డీఐ రెసిన్ గొట్టం, అంటే మిగిలిన లవణాల్ని కూడా పట్టేసే గుళికల గొట్టం గుండా పంపాలి. చివర టీడీఎస్ మీటరు సున్నా చూపించాలి. ఇకమీద నేను ఆర్వో నీళ్ళంటే ఇవే. ఒకటీ రెండూ చూపిస్తున్నదంటే రెసిన్ అయిపోవస్తోందని అర్థం.

బోరు నీళ్ళు 800 టీడీఎస్ ఉంటే మెంబ్రేన్ దాటాక కూడా 40 నుంచి 80 దాకా మిగులుతుంది, రెసిన్ తొందరగా చచ్చిపోతుంది. మున్సిపల్ నీళ్ళు వచ్చే కుళాయి ఉంటే దానికే తగిలించు, కార్బన్ ఫిల్టరు మాత్రం మంచిది ఉండాలి, లేకపోతే క్లోరిన్ మెంబ్రేన్‌ని తినేస్తుంది. ఇరవై లీటర్ల క్యాను నీళ్ళు వాడదామనుకుంటే మీటరు ముంచి చూడు, సంగతి నీకే తెలుస్తుంది. వైజాగ్ నుంచి టిన్నుల్లో సముద్రపు నీళ్ళు తెప్పించే ఆలోచన మానుకో. హార్బరు, మురుగుకాలవలు ఒక పక్క, వానాకాలంలో నదుల నీరు కలిసి ఉప్పదనం పడిపోవడం ఇంకో పక్క. ఇవాళ తెచ్చిన నీళ్ళు, వచ్చే నెల తెచ్చిన నీళ్ళు ఒకటి కావు.

ఉప్పంటే తొట్టి కోసం అమ్మే సముద్రపు ఉప్పు మిశ్రమమే. వంట ఉప్పులో కాల్షియం, మెగ్నీషియం, కార్బొనేట్ ఉండవు. లీటరుకి 36 నుంచి 38 గ్రాములు పడుతుంది, అంటే మొదటిసారి మూడు కిలోల ముప్పావు దగ్గర పెట్టుకో. నీళ్ళలో ఉప్పు పొయ్యాలి గానీ ఉప్పు మీద నీళ్ళు పొయ్యకూడదు. అలా పోస్తే అడుగున చిక్కటి ఉప్పునీరు తయారై కాల్షియం కార్బొనేట్ తెల్లగా విరిగిపోతుంది, ఆ తెలుపు మళ్ళీ కరగదు. బకెట్టులో చిన్న పంపు పెట్టి, కొంచెం కొంచెంగా పోస్తూ, కొన్ని గంటలు తిరగనివ్వు. సెలినిటీ, అంటే ఉప్పదనం, 35 పీపీటీ (వెయ్యి పాళ్ళలో 35) ఉండాలి, మీ మీటరు ఎస్‌జీ (మంచినీటితో పోల్చిన సాంద్రత) చూపిస్తే 1.026. రొయ్యల రైతులు ఉప్పదనం చూడడానికి వాడే రిఫ్రాక్టోమీటరే సరిపోతుంది. దాన్ని మంచినీళ్ళతో సున్నాకి సరిచేసి ఊరుకోకు. సున్నా దగ్గర సరిగ్గా ఉన్నది 35 దగ్గర రెండు మూడు అంకెలు తప్పొచ్చు. 35 పీపీటీ ద్రావణం చిన్న సీసా కొనుక్కో. దొరక్కపోతే అయోడిన్ కలపని శుద్ధమైన సోడియం క్లోరైడ్ 3.65 గ్రాములు 96.35 గ్రాముల ఆర్వో నీళ్ళలో కలిపితే రిఫ్రాక్టోమీటరు మీద అది 35 చూపించాలి.

ఇక రాళ్ళు. పగడపు రాయి, బీచ్ దగ్గర అమ్మే ఎండు పగడం, ఏదీ కొనకు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో రాతి పగడాలున్నాయి, చచ్చిన పగడపు ముక్కయినా ఇంట్లో పెట్టుకోవడం నేరమే. తయారుచేసిన సిరామిక్ రాయి తీసుకో. దాని మీద బాక్టీరియా ఏమీ ఉండదు కాబట్టి నువ్వే పెంచాలి. ఆ నెలన్నర అందుకే.

చేప వదిలే వ్యర్థం, మిగిలిన మేత అమ్మోనియా అవుతాయి. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం నైట్రేట్ చేస్తుంది. చేపని పెట్టి వీటిని పెంచడం పాత పద్ధతి. నాకు అది దండగగానూ క్రూరంగానూ కనిపిస్తుంది. దానికి బదులు అమ్మోనియం క్లోరైడ్ వాడు. కళాయి పోసేవాళ్ళ నవసాగరమే అది, కానీ బజారుది శుద్ధంగా ఉండదు, ల్యాబు సరుకు తీసుకో. ఆరు గ్రాములు ఒక లీటరు ఆర్వో నీళ్ళలో కలిపి, సీసా మీద పేరు రాసి, పిల్లలకి అందని చోట పెట్టు. అందులోంచి 100 మిల్లీలీటర్లు పోస్తే నీ తొట్టిలో అమ్మోనియా సుమారు 2 పీపీఎం (లీటరుకి 2 మిల్లీగ్రాములు) అవుతుంది. అదే రోజు సీసాలో దొరికే బాక్టీరియా కూడా పొయ్యి. రెండు రోజులకోసారి పరీక్ష చెయ్యి. అమ్మోనియా దిగుతుంది, నైట్రైట్ ఎగుస్తుంది, చివరికి అదీ దిగుతుంది. నైట్రైట్ ఎక్కువగా ఉన్న రోజుల్లో నైట్రేట్ కిట్టు ఉన్నదానికన్నా చాలా ఎక్కువ చూపిస్తుంది, చూసి కంగారుపడకు. మళ్ళీ 2 పీపీఎం పోస్తే 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయ్యాయా, అప్పుడు తొట్టి సిద్ధం. సగం నీళ్ళు మార్చి, రెండే చేపలు తెచ్చుకో. తర్వాతి చేపకి కనీసం మూడు వారాలు ఆగు. బాక్టీరియా తనకి దొరికే అమ్మోనియాకి తగ్గట్టే ఉంటుంది, ఒకేసారి ఆరు చేపలు వేస్తే అమ్మోనియా మిగిలిపోతుంది. ఉప్పునీటి పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే అంకె) 8.2 దగ్గర ఉంటుంది. పీహెచ్ ఒక అంకె పెరిగితే అమ్మోనియాలో విషం భాగం దాదాపు పదింతలవుతుంది కాబట్టి మంచినీటి తొట్టిలో చెల్లిన పొరపాటు ఇక్కడ చెల్లదు.

ఆవిరి మాట గట్టిగా చెబుతాను, సింధూ. నీళ్ళు ఆవిరవుతాయి, ఉప్పు కాదు. రోజుకి రెండు లీటర్లు పోయాయనుకో, అయిదు రోజుల్లో 10 లీటర్లు పోయి 35 కాస్తా 39 దగ్గరికి వెళ్తుంది. ఆ లోటు ఉప్పు కలపని నీళ్ళతోనే నింపాలి. ఉప్పునీళ్ళతో నింపావంటే వారం వారం ఉప్పు పేరుకుపోతుంది. తొట్టి గాజు మీద టేపు ముక్కతో గీత పెట్టి, పొద్దున్నే ఆ గీత దాకా పొయ్యి. ఊరికి వెళ్ళేటప్పుడు నీళ్ళు తగ్గితే తనే నింపే, ఫ్లోటు ఉన్న ఆటో టాప్‌అప్ ఉంటే మంచిది, దాని డబ్బాలో అయిదారు లీటర్లకి మించి పెట్టకు. ఫ్లోటు ఇరుక్కుంటే డబ్బా మొత్తం తొట్టిలోకి వస్తుంది మరి.

వారానికి 10 లీటర్లు మార్చు. కొత్త నీళ్ళ వేడి, సెలినిటీ తొట్టితో కలవాలి. ఇది అలవాటు పనే గానీ దీనిమీద మరీ ఆశ పెట్టుకోకు. నైట్రేట్ 40 ఉంటే 10 శాతం మార్చితే 36 అవుతుంది, అంతే. మేత తగ్గిస్తేనే అసలు తగ్గుదల. నిమిషంలో తినేసేంత, రోజుకి ఒకసారి. గడ్డకట్టిన మేతని ఆర్వో నీళ్ళలో కరిగించి, ఆ రసం పారబోసి, ముక్కలు మాత్రం వెయ్యి. ఫాస్ఫేటు ఆ రసంలోనే ఎక్కువ. నైట్రేట్ 40కి పోయిందంటే ఒక్కసారే సగం మార్చకు, మూడేసి రోజుల తేడాతో మూడుసార్లు 20 శాతం మారిస్తే 20కి వస్తుంది.

ఆల్కలినిటీ, అంటే పీహెచ్ పడిపోకుండా ఆపే కార్బొనేట్ల మోతాదు, 8 నుంచి 9 డీకేహెచ్ (దాని కొలత) మధ్య చాలు. చేపలే ఉన్న తొట్టిలో నీళ్ళు మార్చడంతోనే నిలబడుతుంది. పడిపోతే వంట సోడా, బేకింగ్ పౌడర్ కాదు సుమా, 3 గ్రాములు నీళ్ళలో కరిగించి పోస్తే 100 లీటర్లకి 1 డీకేహెచ్ పెరుగుతుంది. రోజుకి అంతకన్నా పెంచకు. పీహెచ్ 7.9 చూపించిందని సీసా మందులు కొనకు. తలుపులు మూసిన ఏసీ గదిలో మనం వదిలే గాలి వల్ల అలా దిగుతుంది, కాసేపు కిటికీ తెరువు.

స్కిమ్మరు, అంటే నురగతో మురికిని బయటికి లాగే పరికరం, మొదటి వారం నురగ సరిగ్గా కట్టదు, దాన్ని తిప్పుతూ కూర్చోకు. కుదురుకున్నాక మెడ దగ్గర జిడ్డు మాత్రం మూడు రోజులకోసారి తుడువు, జిడ్డు పడితే నురగ ఎక్కదు. అది గదిలోని గాలినే పీల్చుకుంటుంది కాబట్టి ఆ గదిలో దోమల స్ప్రే, బొద్దింకల స్ప్రే కొట్టనివ్వకు. పనమ్మాయికి కూడా చెప్పు. క్రీము రాసుకున్న చేతులు తొట్టిలో పెట్టకు.

ఎండాకాలంలో వేడి 26 దగ్గర ఉంచాలి, 29 దాటనివ్వకు. హైదరాబాదు పొడి ఎండకి నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, ఆవిరి కూడా ఆ మేరకు పెరుగుతుంది, కాబట్టి గీత రెండు పూటలా చూడాలి. మా కోస్తా ఉక్కలో ఈ చిట్కా అంతగా పనిచెయ్యదు. కరెంటు పోతే ముందు అయిపోయేది ఆక్సిజన్. ఉప్పునీటిలో అది మంచినీటికన్నా తక్కువ, వేడెక్కితే ఇంకా తక్కువ. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇప్పుడే కొనిపెట్టుకో, నీళ్ళని కదిలించే వేవ్‌మేకరు ఇన్వర్టరు మీద పెట్టించు. మూతపెట్టిన క్యానిస్టర్ ఫిల్టరు ఉంటే, కొన్ని గంటలు ఆగిపోయాక దాన్ని అలాగే మళ్ళీ నడపకు, లోపలి నీళ్ళు కుళ్ళి ఉంటాయి. పారబోసి, తొట్టి నీళ్ళతో కడిగి అప్పుడు పెట్టు.

ముందు మెంబ్రేన్ దగ్గర పట్టిన నీళ్ళ టీడీఎస్ ఎంతో చూసి ఫోన్ చెయ్యి. రెసిన్ ఎన్ని కిలోలు తెప్పించాలో దాన్నిబట్టి చెబుతాను.

ఇట్లు,
మావయ్య