టాప్స్ కత్తి కొనాలా వద్దా అని అడిగిన మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. అక్కయ్య, బావ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ మెసేజ్ చదివాను. టాప్స్ కంపెనీ కత్తి మీద మనసు పడ్డావు, డల్లాస్ నుంచి మీ బాబాయి కొడుకు దసరాకి వస్తూ తెస్తానన్నాడు, అంతవరకూ బాగానే ఉంది. ఇంతలో ఆ కత్తి వాడినవాళ్ల మాటలు చదివి బుర్ర తిరిగిందన్నావు. ఒకడు జీవితాంతం ఉండే కత్తి అంటాడు, ఇంకొకడు ఇనప దిమ్మ, డబ్బు దండగ అంటాడు. ఎవరిది నిజం మావయ్యా అని అడిగావు. ఇద్దరిదీ నిజమే. వాళ్లు చెప్పేది కత్తి గురించా, తమ పని గురించా అన్నది ముందు తేల్చుకో. అది తేలితే కొనాలా వద్దా అన్నది నీకే తెలిసిపోతుంది.

ఆ కంపెనీది అమెరికాలో ఐడహో రాష్ట్రం, ఐడహో ఫాల్స్ అనే ఊరు. 1998 నుంచి కత్తులు చేస్తున్నారు. వాళ్లకు పేరు తెచ్చింది మడత పెట్టని కత్తులు, ఫిక్స్‌డ్ బ్లేడ్ అంటారే, అవి. చాలావాటికి 1095 అనే కార్బన్ స్టీలు వాడతారు. అందులో కార్బన్ ఇంచుమించు 0.95 శాతం. గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 56 నుంచి 58 మధ్య ఉంచుతారు. అంటే దెబ్బకు తట్టుకునేలా కాస్త మెత్తగా వదిలేస్తారన్నమాట. ఇక వెన్ను మందం కొన్ని మోడళ్లలో పావు అంగుళం, ఆరు మిల్లీమీటర్ల పైమాటే. మరికొన్ని 4.8 మిల్లీమీటర్లవి ఉన్నాయి. మన వంటింటి చాకు రెండు మిల్లీమీటర్లు ఉంటే గొప్ప.

పొగిడేవాళ్లు పొగిడేది ఈ మందాన్నే, తిట్టేవాళ్లు తిట్టేదీ ఈ మందాన్నే. పొగిడేవాడు చలి కొండల్లో తిరిగే మనిషి. ఎండిన దుంగ మీద కత్తి ఆనించి, దాని వెన్ను మీద ఇంకో కర్రతో బాది దుంగను రెండుగా చీలుస్తాడు. మంట వెయ్యకపోతే రాత్రి గడవని చోటు అది. అతనికి కత్తి విరక్కపోవడమే ముఖ్యం. తిట్టేవాడు అదే కత్తితో ఉల్లిపాయ కోశాడు, రొట్టె కోశాడు, తాడు కోశాడు. ఉల్లిపాయ తెగలేదు, పగిలింది. రోజంతా నడుముకి ఆ బరువు మోసి విసిగిపోయాడు. వీళ్లిద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు.

నీ పని ఏమిటి మరి? రొయ్యల చెరువు మీద నైలాన్ తాళ్లు కొయ్యాలి, మేత సంచుల మూతి విప్పాలి, నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్ రెక్కలకు చుట్టుకున్న నాచూ వల పోగులూ తెంపాలి, గట్టు మీద అరటి గెల దింపాలి. ఎప్పుడైనా స్నేహితులతో మారేడుమిల్లి అడవికి వెళితే ఎండు పుల్లలు కొట్టుకోవాలి. వీటిలో ఆరు మిల్లీమీటర్ల వెన్ను కావాల్సిన పని ఒక్కటీ లేదు.

ఒక్క మాట. వెన్ను మందాన్ని బట్టే కత్తిని తేల్చెయ్యకు. అంచుకి గోరంత పైన ఎంత మందం ఉందన్నది అసలు లెక్క. రావులపాలెం దగ్గర హైవే పక్కన బొండాలు కొట్టేవాడి కత్తిని ఈసారి ఆగి చూడు. వెన్ను దళసరిగా ఉంటుంది, అంచు వైపు దిగేకొద్దీ పలచబడుతూ వస్తుంది. రేకంతా పీచు రసానికి నల్లగా మారి ఉంటుంది, అంచు దగ్గర మాత్రం వేలెడు వెడల్పున తెల్లగా మెరుస్తూ ఉంటుంది. బొండాన్ని అరచేతిలో తిప్పుతూ వాలుగా వేటు మీద వేటు వేస్తాడు, డొక్క పెచ్చులుగా లేచిపోతుంది. కత్తి ఒక్కసారి కూడా పీచులో ఇరుక్కోదు. అది ఏ కమ్మరో లారీ కమాను పట్టీని కాల్చి సాగగొట్టి చేసిన కత్తి. దానికి బ్రాండూ లేదు, పెట్టె అంతకన్నా లేదు. దళసరి వెన్ను వల్ల బరువు వచ్చింది, పలచటి అంచు వల్ల కోత వచ్చింది. టాక్టికల్ కత్తులని, సైనికుల వాడకం తరహాలో చేసేవి ఉంటాయే, వాటిలో చాలావాటికి అలా పలచబడే వాలు రేకు మధ్యలో ఎక్కడో మొదలవుతుంది. దాంతో అంచు పైన మందం మిగిలిపోతుంది. రాతికి తగిలినా పెచ్చు ఊడదు గానీ కోతకు మాత్రం అదే అడ్డం. కాబట్టి ఫోటో చూసేటప్పుడు ఆ వాలు ఎంత పైనుంచి మొదలైందో చూడు. పైనుంచి మొదలైతే మంచిది.

ఇప్పుడు తుప్పు సంగతి. మనవైపు కొనేవాళ్లకు అన్నిటికంటే ఇదే పెద్ద విషయం, అమెరికా వాళ్లు మాత్రం దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. ఐడహో ఫాల్స్‌ది పొడి గాలి. నీ చెరువేమో అంతర్వేది దాపున, ఉప్పు నీరు, ఉప్పు గాలి. ఇనుముకి తుప్పు పట్టకుండా ఉండాలంటే కనీసం 10.5 శాతం క్రోమియం కలవాలి. 1095లో చెప్పుకోదగ్గ క్రోమియం లేదు. పైన నల్లటి పూత వేస్తారు గదా అంటావు. పూత రేకును కాపాడుతుంది, అంచును కాదు. అంచు మీద పూత ఉంటే పదును ఎలా వస్తుంది? ఒరలోకి దూర్చినప్పుడల్లా, తీసినప్పుడల్లా ఆ పూత కూడా గీసుకుపోతుంది.

మన కత్తిపీటకూ ఇదే గుణం. ఆవకాయ రోజున మామిడికాయలు తరిగి తుడవకుండా వదిలేస్తే తెల్లారేసరికి ఏమవుతుందో మీ అమ్మనడుగు. రేకు నల్లబడుతుంది, అక్కడక్కడ ఎర్రటి చుక్కలు పడతాయి. ఆ నలుపు వేరు, ఎరుపు వేరు. నలుపు పులుపు వల్ల పడిన పొర, దానివల్ల నష్టం లేదు, పైగా కొంత కాపు. ఎరుపు మాత్రం లోపలికి తినేస్తుంది. తుప్పు పట్టిందని గగ్గోలు పెట్టేవాళ్లలో కొందరు నలుపును చూసి భయపడ్డవాళ్లే. అలాంటి మాట కనబడితే ఫోటో ఉందేమో చూసుకో.

కార్బన్ స్టీలు కత్తే కావాలనుకుంటే ఈ పద్ధతి తప్పదు: సాయంత్రం చెరువు దగ్గర్నుంచి రాగానే మంచినీళ్లతో కడుగు, పొడిబట్టతో తుడువు, గాలికి ఆరనివ్వు, రెండు చుక్కలు నూనె రాయి. తినేవి కోసే కత్తి అయితే కొబ్బరినూనె, లేకపోతే కుట్టుమిషను నూనె. రాత్రి ఒరలో పెట్టి ఉంచకు. తోలు ఒర ఉప్పునీ తేమనీ పట్టి ఉంచుతుంది, వానాకాలంలో బూజు కూడా పడుతుంది. కైడెక్స్ అనే ప్లాస్టిక్ ఒర తేమ పీల్చదు గానీ లోపల ఇసుక చేరితే రేకును గీస్తుంది, అప్పుడప్పుడు కడిగి ఆరబెట్టాలి. ఇదంతా రోజూ నా వల్ల కాదు అనుకుంటే స్టెయిన్‌లెస్ తీసుకో, అందులో చిన్నతనం ఏమీ లేదు. టాప్స్ వాళ్లే కొన్ని మోడళ్లు 154సీఎం అనే స్టీలుతో చేస్తారు. అందులో క్రోమియం 14 శాతం దాకా ఉంటుంది. అది కూడా ఉప్పు నీళ్లలో పడేస్తే మచ్చ పడుతుంది, కానీ ఒక రాత్రి మరిచిపోతే క్షమిస్తుంది.

వాడినవాళ్ల మాటలు ఎలా చదవాలో చెప్తాను. పెట్టె విప్పిన రోజున రాసిన మాట పక్కన పెట్టు. అది పెళ్లిచూపుల మాట. ఎంతకాలం వాడాడు, ఏం కోశాడు, ఏ ఊరి గాలిలో వాడాడు, తనే సాన పట్టుకున్నాడా, ఈ నాలుగూ చెప్పినవాడి మాట నాలుగుసార్లు చదువు, తిట్టినా సరే. పదిహేను ఇరవై వేలు పోసి కొన్నవాడికి అది బాగోలేదని ఒప్పుకోవడం కష్టం, ఆ సంగతి గుర్తుంచుకో. అలాగే తిట్టేవాడు కొన్నది అసలుదేనా అని కూడా చూడు. పేరున్న కత్తులన్నిటికీ నకిలీలు ఉన్నాయి, మరీ చవగ్గా దొరికిందంటే అనుమానించాల్సిందే. నకిలీ కొని కంపెనీని తిట్టేవాళ్లు తక్కువేం కాదు.

ఇంకో మాట అందరూ ఒకరిని చూసి ఒకరు చెప్పేది. రేకు పిడి చివరిదాకా అదే వెడల్పుతో ఉండాలి, ఫుల్ టాంగ్ కాకపోతే విరుగుతుంది అని. టాప్స్ కత్తులకు అది ఉంది, మంచిదే. కానీ కేబార్ కత్తి సంగతి చూడు. అమెరికా మెరైన్ దళం 1942లో తీసుకున్న కత్తి అది, ఏడంగుళాల రేకు. తోలు బిళ్లలు దొంతరగా పేర్చిన పిడి, లోపల సన్నటి కడ్డీ మాత్రమే ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం దాంతోనే గడిచింది. కత్తి విరగడానికి ఇనుమును ఎలా కాచారు, మనం ఎలా వాడాం అన్నవే ఎక్కువగా కారణాలు. దుంగ సందులో దూర్చి పెకలిస్తే ఏ కత్తైనా విరుగుతుంది. గ్యారంటీల మీద కూడా ఆశ పెట్టుకోకు. ఈసీ అని ఇంకో కంపెనీ ఉంది, విరిగితే ఎవరి చేతిలో ఉన్నా మార్చి ఇస్తామంటుంది, గొప్ప మాటే. కానీ ఆ కత్తి ఇక్కడినుంచి వెళ్లాలి, మళ్లీ కస్టమ్స్ దాటి రావాలి.

పిడి సంగతి చేతిలో పట్టుకుంటే గానీ తెలీదు. తడిచేత్తో జారకూడదు, అంతే.

సాన పట్టడం మాత్రం నువ్వే నేర్చుకో. సైకిల్ చక్రం మీద సాన పట్టేవాడికి ఈ కత్తి ఇవ్వకు. నీళ్లు లేని చక్రం మీద అంచు కాలిపోతుంది. ఇనుము నీలం రంగు తిరిగిందంటే వేడి 300 డిగ్రీల దగ్గరికి వెళ్లినట్టు లెక్క. అంత వేడికి ఆ అంచు మెత్తబడుతుంది, ఎంత రుద్దినా పదును నిలవదు. అప్పుడు స్టీలు బాగోలేదని కంపెనీని తిడతారు! హార్డ్‌వేర్ షాపులో ఒకవైపు గరుకు, ఒకవైపు నున్నగా ఉండే రాయి దొరుకుతుంది. దాని మీద నీళ్లు చల్లుతూ, ఒక్కోవైపు ఇరవై డిగ్రీల వాలులో, రెండు వైపులా సమానంగా రుద్దు. మధ్యమధ్యలో ట్యూబ్‌లైట్ కింద అంచును కంటికి ఎదురుగా పెట్టి చూడు. ఎక్కడైనా సన్నటి తెల్ల గీత మెరిస్తే అక్కడ మొద్దుగా ఉన్నట్టు. పదును వచ్చిన చోట మెరుపు కనబడదు. ఆ గీత మొత్తం మాయమయ్యేదాకా వదలకు.

చట్టం గురించి కూడా చెప్పాలి. 1959 ఆయుధాల చట్టం, దాని కింద 2016లో వచ్చిన నిబంధనల ప్రకారం రేకు 9 అంగుళాల పొడవు గానీ 2 అంగుళాల వెడల్పు గానీ దాటితే అది ఆయుధం లెక్కలోకి వస్తుంది, లైసెన్సు కావాల్సి రావచ్చు. ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవాటికి మినహాయింపు ఉంది. అందుకే మన కొబ్బరి కత్తిని ఎవరూ అడగరు. టాక్టికల్ అని రాసి ఉన్న కత్తికి ఆ మినహాయింపు ఉందని వాదించడం కష్టం, అందుకని చిన్నదే తీసుకో. చిన్నదైనా సరే, నడుముకి తగిలించుకుని సంతకీ తీర్థానికీ వెళ్లకు. సంక్రాంతికి మన భీమవరం వైపు కోడి కత్తుల కోసం పోలీసులు ఎలా వెతుకుతారో నీకు తెలుసు. బరి దగ్గర నీ నడుముకి అది కనబడితే చెరువు కోసం అంటే ఎవరు వింటారు? ఇంకోటి కూడా చెబుతున్నాను, మావయ్య మాటగా విను. రాత్రిపూట దొంగలొస్తే పనికొస్తుందని మాత్రం కొనకు. చేతిలో కత్తి ఉంటే మాటతో పోయే గొడవ రక్తం దాకా వెళుతుంది. దానికి టార్చిలైటూ ఫోనూ చాలు.

ఇక నా లెక్క ఇది. చెరువు పనికైతే టాప్స్ వద్దు. స్వీడన్‌లో చేసే మోరా కంపానియన్ అనే కత్తి ఉంది, స్టెయిన్‌లెస్ రకం తెప్పించుకో. రెండున్నర మిల్లీమీటర్ల రేకు, నాలుగంగుళాల పొడవు, తాడు తెంపడానికి దానికి మించింది అక్కర్లేదు. చాలా చవక, చెరువులో పడిపోయినా ఏడుపు రాదు. బొండాలకీ గెలలకీ మన కమ్మరి కత్తే. ఇవి రెండూ ఉన్నాక కూడా టాప్స్ మీద మోజు ఉంటే, అడవికి తీసుకెళ్లడానికి ఒకటి కొనుక్కో, నేను కాదనను. ఇష్టపడి కొన్న పనిముట్టును మనిషి జాగ్రత్తగా చూసుకుంటాడు. అయితే 4.8 మిల్లీమీటర్ల మందం దాటనిది, రేకు అయిదంగుళాల లోపుది, వాలు పైనుంచి మొదలైనది చూసుకో. 154సీఎంలో దొరికితే అదే తీసుకో.

మీ అన్నకి చెప్పు, కంపెనీ దగ్గర గానీ పేరున్న డీలరు దగ్గర గానీ కొని బిల్లు జాగ్రత్తగా ఉంచమను. కత్తి చెకిన్ సూట్‌కేసులోనే పెట్టాలి, చేతి సంచిలో వద్దు. కస్టమ్స్ వాళ్లు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పి బిల్లు చూపించమను. కత్తి వచ్చాక నున్నటి రాయి ఒకటి కొనుక్కుని ఆదివారం పూట ఇటు రా, మొదటిసారి ఇద్దరం కూర్చుని సాన పడదాం.

ఇట్లు,
మీ మావయ్య