పత్తి కట్టెకు నిప్పు వద్దు, నిలువుగా వదిలేయనూ వద్దు

ప్రశ్న: ప్రాణహిత పక్కన ఐదెకరాల నల్లరేగడి ఉంది. పదేళ్లుగా పత్తే వేస్తున్నా. ఏటా కట్టె కాల్చి, ట్రాక్టర్‌తో రెండుసార్లు దున్ని, రోటవేటర్ కొట్టిస్తా. అయినా వాన పడితే నీళ్లు నిలుస్తున్నాయి, పది రోజులు ఎండ కాస్తే నెర్రెలు. నది అవతల మా బంధువులు దున్నకుండానే మక్క వేస్తున్నారు. నేనూ దుక్కి మానేస్తే నేల బాగుపడుతుందా?
– ఒక రైతు, సిరొంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా

జవాబు: దుక్కి ఒక్కటే మానేస్తే బాగుపడదండి. దుక్కి తగ్గించాలి, నేల మీద చెత్త కప్పు ఉండాలి, పంట మారాలి. మూడూ కలిస్తేనే ఫలితం. మీ బంధువులది వరి కోసిన మడి. అందులో తేమ ఉంటుంది కాబట్టి మక్క దున్నకుండానే మొలుస్తుంది. వేసవంతా ఎండిన మీ పత్తి చేను సంగతి వేరు.

ముందు ఒక పని చేసి చూడండి. చేలోంచి ఒక ఎండు మట్టిపెళ్ల, గడ్డి మొలిచిన గట్టు మీది నుంచి ఇంకొకటి తెచ్చి రెండు గాజు గ్లాసుల నీళ్లలో మెల్లగా వదలండి. చేలో పెళ్ల నిమిషాల్లో కరిగి బురదైతే, గట్టు పెళ్ల చాలాసేపు నిలబడితే, మీ జబ్బు తెలిసినట్టే. రెండూ ఒకే నేల. గట్టు మట్టిని వేర్లు, కుళ్లిన ఆకు, సూక్ష్మజీవుల జిగురు పట్టి ఉంచాయి. మీ చేలో ఆ జిగురుకు మేత లేదు. రోటవేటర్ మట్టిని పిండి చేస్తే చినుకులు ఆ పిండితో రంధ్రాలు పూడ్చేస్తాయి, ఇక నీళ్లు నిలవక ఏం చేస్తాయి?

నిప్పు మాత్రం ఈ ఏడే ఆపండి. కాలిస్తే కట్టెలోని నత్రజని, గంధకం చాలావరకు పొగలో పోతాయి. అలాగని నిలువుగా వదిలితే, మిగిలిన కాయల్లో గులాబీ పురుగు దాక్కుని వచ్చే పంట మీద పడుతుంది. ఆఖరి ఏరుడు కాగానే, పురుగుమందు కొట్టి తగినన్ని రోజులు గడిచాయని చూసుకుని మేకలు, గొర్రెలను తోలండి. తర్వాత ష్రెడ్డర్‌తో ముక్కలు చేయించి నేల మీదే పరచండి.

మొదట ఒక్క ఎకరమే మార్చండి. జానెడు లోతున గట్టిపొర తగిలితే వేసవిలో ఒకసారి సబ్‌సాయిలర్‌తో పగలగొట్టించి, ఆపై లోతు దుక్కి మానండి. పత్తిలో కంది సాళ్లు వేయండి, మరుసటి ఏడు సోయా వేయండి. సాళ్ల మధ్య జనుము చల్లి, పూతకు ముందే కోసి అక్కడే పరచవచ్చు. కట్టె ముక్కలు కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు నత్రజనిని వాడుకుంటాయి. మొక్క పాలిపోతే యూరియా మొదటి దఫా కాస్త ముందే వేయండి.

తొలి రెండేళ్లు కలుపు ఎక్కువే ఉంటుంది. పైపైన గుంటక తోలితే తప్పు లేదు. గడ్డిమందు తట్టుకుంటుందని అమ్మే పత్తి విత్తనం జోలికి మాత్రం పోకండి, దానికి మన దేశంలో అనుమతి లేదు.

మట్టి పరీక్షలో సేంద్రియ కర్బనం, అంటే కుళ్లిన ఆకు, వేర్ల నుంచి నేలకు చేరే కర్బనం, 0.5 శాతం లోపుంటే తక్కువ కింద లెక్క. అది ఏడాదిలో పెరగదు, కొన్నేళ్లు పడుతుంది, పెరిగినా ముందు పైపొరలోనే. దిగుబడి మొదటి ఏడే పెరగలేదని టెన్షన్ పడొద్దు. అంతకుముందే వాన ఇంకడం, వానపాముల మట్టి కుప్పలు మీకే కనిపిస్తాయి. ఎరువులు వేయకముందే ఆ ఎకరం మట్టి వేరుగా, మిగతా నాలుగెకరాలది వేరుగా తీసి తాలూకా కృషి కార్యాలయంలో పరీక్షకు ఇవ్వండి.