ఆఫీసు సామాను గురించి అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

కాకినాడలో ఆ ఆడిటర్ గారి ఆఫీసు పాత సామానుతో సహా నువ్వు తీసుకున్నావని అక్కయ్య చెప్పింది. చాలా సంతోషం. తుడవడానికి మనిషిని కూడా పెట్టావట. ఆవిడ గుడ్డ తడిపేలోగా ఈ ఉత్తరం చదువు. దుమ్ముతో పాడైన బల్లలకంటే శుభ్రం చేయబోయి పాడుచేసిన బల్లల్నే నేను ఎక్కువ చూశాను.

ముందు ఆ పెద్ద టేకుబల్ల. పాతకాలంది కాబట్టి స్పిరిట్ పాలిష్ అయ్యుంటుంది. అంటే లక్కని స్పిరిట్‌లో కరిగించి, దూది ఉండతో పూత మీద పూత వేసిందన్నమాట. తేల్చుకోవాలంటే బల్ల అడుగున కనబడనిచోట చుక్క స్పిరిట్ వేసి, నిమిషం ఆగి వేలితో తాకు. జిగురుగా తగిలితే లక్కే. అలాంటి బల్లమీద శానిటైజర్ సీసా ఉండనివ్వకు. అందులో సగానికి పైగా స్పిరిట్ లాంటి ఆల్కహాలే, ఒలికినచోట పూత కరిగిపోతుంది. అద్దాలు తుడిచే మందు కూడా వద్దు. మెత్తటి పాత పంచె గుడ్డని తడిపి, చుక్క కారకుండా పిండి, చెక్క చార ఎటు పోతే అటే తుడవమను. వెంటనే పొడిగుడ్డ పెట్టాలి. మొదట్నుంచీ పొడిగుడ్డతోనే బరబరా రుద్దితే దుమ్ములో ఉన్న ఇసుక పాలిష్‌ని గీసేస్తుంది.

వచ్చేవాళ్లు వేడి టీ గ్లాసు తెచ్చి అక్కడే పెడతారు. తెల్లటి చక్రంలా మచ్చపడితే కంగారుపడకు, అది పూతలో చిక్కుకున్న తేమ. హెయిర్ డ్రయ్యర్‌ని తక్కువ వేడిలో పెట్టి, జానెడు ఎత్తున అటూ ఇటూ ఆడించు, చాలాసార్లు పోతుంది. మచ్చ నల్లగా ఉందంటే నీరు చెక్కదాకా దిగిందన్నమాట. అది పాలిష్ మేస్త్రీ పని, నువ్వు మాత్రం గరుకు కాగితం పట్టకు.

సన్‌మైకా బల్లల పైభాగానికి సబ్బునీళ్ల గుడ్డతో భయం లేదు. భయమంతా అంచుల దగ్గరా కాళ్ల దగ్గరా. చవకరకం వాటిలో లోపలున్నది చెక్కపొట్టు అదిమి చేసిన పలక. అంచుకి అతికించిన సన్నటి పట్టీ, అదే బీడింగ్, ఊడినచోట నీరు దూరితే ఉబ్బిపోతుంది, ఆరినా మళ్లీ అణగదు. ఊడిన బీడింగ్ ఆ రోజే అతికించెయ్. కాళ్లకి రబ్బరు బుష్‌లు వేయించు, లేకపోతే నేల తుడిచిన ప్రతిసారీ అవి తడి తాగుతూనే ఉంటాయి.

పేము కుర్చీలు రెండున్నాయిట, వాటిని పారెయ్యకు! అల్లిక తెగకుండా జారిందంతే అయితే, కుర్చీ తిరగేసి అడుగువైపు నుంచి వేడినీళ్ల గుడ్డతో బాగా తడిపి, నీడలో ఆరనివ్వు. తెల్లారేసరికి చాలావరకు బిగుస్తుంది. పూర్తిగా ఆరేదాకా ఎవర్నీ కూర్చోనివ్వకు.

చక్రాల కుర్చీలు కదలడం లేదంటే తప్పు కుర్చీది కాదు, చక్రాలకి చుట్టుకున్న వెంట్రుకలదీ దారాలదీ. కత్తెరతో కోసి లాగెయ్యాలి. సీటు కింద మరలు నెలకోసారి బిగించు. రెక్సిన్ మీద తలనూనె మరక పడితే కాస్త సబ్బునీళ్లు చాలు, స్పిరిట్ పెడితే అది బీటలు తీస్తుంది.

చెదల విషయంలో మాత్రం బద్ధకం పనికిరాదు. చెక్క సామాను ఏదైనా గోడకి బెత్తెడు దూరంలో ఉండాలి, వెనక్కి టార్చి వేసి చూడ్డానికి వీలుగా. వానలకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చూడు. గోడమీద సన్నటి మట్టి దారి కనిపిస్తే తుడిచేసి ఊరుకోకు. పుట్ట నేలలో ఉంటుంది, మందు కొట్టేవాళ్లని పిలవాల్సిందే. బల్ల కింద మెత్తటి పిండి రాలుతుంటే అది పుచ్చు, దాని మందు వేరు.

మీది సముద్రపు గాలి ఊరు. ఇనప బీరువాకి పెయింటు ఎక్కడ లేచినా తుప్పు అక్కడే మొదలవుతుంది. అక్కడ గీకి, ప్రైమర్ వేసి, రంగు పూయించు. తాళం బిగుసుకుంటే కొబ్బరినూనె పోయకు, దుమ్ముతో కలిసి ముద్దవుతుంది. పెన్సిల్ ముల్లు గీకిన పొడి తాళంచెవికి అద్ది, నాలుగుసార్లు తిప్పు.

తుడిచే ఆవిడకి బల్లల గుడ్డ, నేల గుడ్డ వేరువేరుగా ఇవ్వు. మొదటి వారం పక్కనుండి నువ్వే చూపించు, మర్యాదగా. చెప్పకుండా పని అప్పజెప్పి తర్వాత కేకలెయ్యడం మనింటి పద్ధతి కాదు.

అక్కయ్యకీ బావగారికీ నా నమస్కారాలు చెప్పు.

మీ మావయ్య