పడ్డాక వెంటనే లేవకు

చిరంజీవికి,

మౌంటెన్ బైక్ కొన్నావని, కొండ దారుల్లో తొక్కడం మొదలుపెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. గేర్లు, బ్రేకులు, టైర్లలో గాలి సంగతి నీతో తొక్కేవాళ్లు నేర్పుతారు. పడ్డాక ఏం చేయాలో మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. ఏళ్ల తరబడి తొక్కినవాణ్ణి, పడ్డవాళ్లను ఎమర్జెన్సీకి తీసుకెళ్లినవాణ్ణి కాబట్టి ఆ పని నేను చేస్తున్నాను. ఆ దారుల్లో తొక్కేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు పడతారు. నువ్వూ పడతావు.

దిగుడులో రాయి కనబడగానే కంగారుపడి ముందు చక్రం బ్రేక్ గట్టిగా నొక్కితే చక్రం ఆగుతుంది, మనిషి ఆగడు. హ్యాండిల్ మీదుగా పల్టీ కొట్టి, చేతులు చాచి నేలను ఆపబోతాం. లేవగానే మొదట వచ్చే మాట "నాకేం కాలేదు, బైక్‌కేమైందో చూడండి". ఆ మాట నమ్మకు. ఆ కాసేపు కంగారులో ఒంట్లో ఊరే అడ్రినలిన్ అనే హార్మోన్ నొప్పిని తెలియనివ్వదు. పడ్డచోటే ఉండి, నిదానంగా ఊపిరి తీసుకో. పైనుంచి వచ్చేవాళ్లను ఆపడానికి తోడున్నవాణ్ణి నాలుగడుగులు పైకి పంపు. మెడ నొప్పిగా ఉన్నా, చేతులో కాళ్లో తిమ్మిరెక్కినా అస్సలు కదలకు, హెల్మెట్ తీయనివ్వకు, అంబులెన్స్ పిలిపించు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టాలి. ఆగిందా లేదా అని మధ్యలో ఎత్తి చూడొద్దు. లోతుగా దిగిన పుల్లను పీకొద్దు. చేతికి దెబ్బ తగిలితే వాపు రాకముందే ఉంగరం, వాచీ తీసెయ్.

నాకు అసలు భయం పైకి కనబడని దెబ్బలంటేనే.

మణికట్టు సంగతి విను. బొటనవేలు బాగా పైకి చాపితే దాని మొదట్లో, మణికట్టు పక్కన, ఒక చిన్న గుంట పడుతుంది. ఇప్పుడే చాపి చూసుకో. పడ్డాక ఆ గుంటలో వేలితో నొక్కితే కలుక్కుమందా, స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగిందేమోనని అనుమానించాలి. వాపు పెద్దగా ఉండకపోవచ్చు. మొదటి రోజు ఎక్స్‌రేలో కూడా ఆ పగులు కనబడకపోవచ్చు. "ఎక్స్‌రే బాగానే ఉంది" అన్నారని ఊరుకోకు. "ఇక్కడే నొక్కితే నొప్పి" అని ఆ చోటు చూపించు. చాలామంది డాక్టర్లు అప్పుడు కదలకుండా పట్టీ వేసి, 10 నుంచి 14 రోజుల్లో మళ్లీ ఎక్స్‌రే తీయిస్తారు, లేదంటే స్కాన్ చేయిస్తారు. ఆ ఎముకకు రక్తం ఎక్కువగా వేళ్ల వైపు నుంచే వస్తుంది. విరిగితే మోచేతి వైపు ముక్కకు రక్తం అందక, అతుక్కోకుండా పోయే ప్రమాదం ఉంది. బెణుకే కదా అని తైలం రాసుకుని కూర్చున్నవాళ్లు తర్వాత ఆపరేషన్ దాకా వెళ్తారు.

పొట్ట ఇంకా మోసం చేస్తుంది. హ్యాండిల్ చివర పొట్టలో పొడుచుకుంటే చర్మం మీద గుండ్రటి ఎర్ర ముద్ర తప్ప ఏమీ ఉండదు. లోపల ప్లీహమో (ఎడమ పక్కటెముకల కింద ఉండే స్ప్లీన్) కాలేయమో చిట్లి, గంటల తరబడి మెల్లగా రక్తం కారుతూ ఉండొచ్చు. భుజానికి దెబ్బే తగలకుండా ఎడమ భుజం నొప్పి పుట్టినా, కళ్లు తిరిగినా, గుండె దడగా ఉన్నా, మూత్రం ఎర్రగా వచ్చినా ఆ క్షణమే ఆసుపత్రికి బయల్దేరాలి. హ్యాండిల్ చివర్ల మూతలు ఊడిపోతే కొత్తవి పెట్టించేదాకా తొక్కకు.

తలకు తగిలితే ఆ రోజు బైక్ ఎక్కడం అయిపోయినట్టే. వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, అడిగిందే అడగడం, లేపినా లేవనంత మత్తు కొన్ని గంటల తర్వాత కూడా రావచ్చు. అందుకే ఆ రాత్రి ఒంటరిగా ఉండొద్దు. డాక్టర్ చూసేదాకా ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ మింగకు, రక్తస్రావం పెంచే ప్రమాదం ఉంది.

ఆసుపత్రికి బయల్దేరాక ఏమీ తినకు, ఆపరేషన్ అవసరం పడొచ్చు. ఎమర్జెన్సీలో ముందొచ్చినవాళ్లను కాదు, ప్రాణం మీదికొచ్చినవాళ్లను ముందు చూస్తారు. నిన్ను కూర్చోబెట్టారంటే టెన్షన్ పడకు, కోపమూ తెచ్చుకోకు. కానీ కూర్చున్నాక నొప్పి మారినా, కళ్లు తిరిగినా వెంటనే నర్సుకు చెప్పు. ఎన్ని గంటలకు పడ్డావు, ఏ భాగం మీద పడ్డావు, స్పృహ తప్పిందా, ఏ మందులు వాడుతున్నావు, ఏది పడదు, ఇవన్నీ సూటిగా చెప్పాలి. స్పృహ సంగతి నీకే తెలియదు కాబట్టి, పడుతుంటే చూసినవాణ్ణి లోపలికి తీసుకెళ్లు. వేగం తగ్గించి చెప్పకు. మన పరువు కోసం డాక్టర్‌ను తప్పుదారి పట్టించకూడదు. మట్టి పడ్డ గాయమైతే, టెటనస్ ఇంజెక్షన్ వేయించుకుని 5 ఏళ్లు దాటి ఉంటే మళ్లీ వేస్తారు. గాయం కడిగేటప్పుడు మంట పుడుతుంది, ఓర్చుకో. ఇసుక రేణువులు లోపల ఉండిపోతే చీము పడుతుంది, నీలం మచ్చ శాశ్వతంగా మిగులుతుంది.

కట్టు వేశాక వేళ్లు నీలంగా మారినా, మొద్దుబారినా, నొప్పి తగ్గాల్సింది పెరుగుతున్నా తెల్లారేదాకా ఆగకుండా వెనక్కి వెళ్లు. దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగున్నా పారెయ్. లోపలి ఫోమ్ ఒకసారి నలిగితే మళ్లీ అదే రక్షణ ఇవ్వదు.

ఇది చదవగానే ఒక పని చెయ్యి. ఫోన్ లాక్ తీయకుండానే కనబడే ఎమర్జెన్సీ వివరాల్లో నీ బ్లడ్ గ్రూప్, పడని మందులు, మీ అమ్మ నంబరు, నా నంబరు పెట్టి, పెట్టానని నాకు మెసేజ్ చెయ్యి.

ఆశీస్సులతో,
మీ మావయ్య