జన్యుశాస్త్ర పరిశోధనకు సిద్ధమవుతున్న మేనకోడలికి

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

ఎమ్మెస్సీ పూర్తికాగానే జన్యుశాస్త్రంలో పరిశోధన చేయాలని ఉందనీ, ఏ సంస్థలో చేరితే మంచిదో చెప్పమనీ నీవు రాసిన లేఖ అందింది. సంస్థ గురించి తరువాత ఆలోచించు, ముందు ఏ ప్రశ్నకు సమాధానం వెతకదలచావో తేల్చుకో.

మన ప్రాంతంలోనే అటువంటి ప్రశ్నలు ఎన్నో ఉన్నాయమ్మా. శస్త్రచికిత్స సమయంలో కండరాలను సడలించడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ ప్రభావం మామూలుగా కొద్ది నిమిషాలలో తగ్గిపోతుంది. కానీ ఆ మందును విచ్ఛిన్నం చేసే బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ ఎంజైము లోపించినవారికి అది గంటల తరబడి నిలిచి, అంతసేపూ వారు తమంతట తాము ఊపిరి తీసుకోలేరు. ఈ లోపం మన వైశ్యులలో ఇతరులకంటే ఎంతో ఎక్కువ. కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, తరతరాలుగా తమలో తామే వియ్యమందుకున్న సమూహాలలో ఇటువంటి లోపాలకు కారణమయ్యే జన్యు మార్పులు పోగుపడతాయి. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ తదితరులు దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలను పరిశీలించి 2017లో ప్రచురించిన పత్రాన్ని శ్రద్ధగా చదువు. పూర్వీకులు కొద్దిమందే కావడం వల్ల కలిగే ఈ ప్రభావం వాటిలో 81 సమూహాలలో, ఇందుకు పేరుపడ్డ ఫిన్లాండ్ ప్రజలలోకంటే కూడా బలంగా ఉందని అందులో చూపారు. వాటిలో చాలా సమూహాల వ్యాధులను ఇంకా ఎవరూ సరిగా వెతకలేదు. నీ తరానికి అక్కడ చేతినిండా పని ఉంది.

ఆ పనికి ప్రయోగశాల నైపుణ్యం ఒక్కటే చాలదు. గణాంకశాస్త్రాన్నీ, ఆర్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలనూ ఇప్పుడే నేర్చుకో, ఎందుకంటే జన్యుక్రమాన్ని చదివించడం నేడు సులువు, అందులో అర్థం వెతకడమే కష్టం. సీఎస్‌ఐఆర్ నెట్‌తోపాటు గేట్ కూడా రాయి. సీసీఎంబీ, సీడీఎఫ్‌డీలలో ఎక్కడ చేరదలచినా, గైడు పేరు చూసి తొందరపడకుండా ఆ ల్యాబులోని విద్యార్థులతో మాట్లాడి, వారి పీహెచ్‌డీలకు ఎన్నేళ్లు పడుతున్నాయో తెలుసుకో.

మరొక మాట నాకు చాలా ముఖ్యం. సికిల్‌సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి పరీక్షకు రక్తమిచ్చిన గిరిజన కుటుంబానికి ఫలితం వారి భాషలో, గోప్యంగా, వ్యాధి వేరు, వ్యాధి లేకుండా ఆ జన్యువును మోసే వాహకులుగా ఉండడం వేరు అని విడమరిచి చెప్పవలసిన బాధ్యత పరిశోధకులది. ఆ బాధ్యత తప్పితే ఒక ఆడపిల్ల పెళ్లి ఆగిపోవచ్చు.

అధ్యాపక ఉద్యోగాలు తక్కువే అయినా, ఆసుపత్రులలో జన్యు సలహాదారులకూ రోగనిర్ధారణ సంస్థలలో విశ్లేషకులకూ అవకాశాలు పెరుగుతున్నాయి, కాబట్టి ఆ దారులను చిన్నచూపు చూడకు.

నీవు ఎంచుకున్న ప్రశ్నను ఒక పేజీలో రాసి పంపు. అది చదివాక, ఎవరి దగ్గర చేరాలో మాట్లాడుకుందాం.

మామయ్య