టీవీకి తగిలించే జేబు కంప్యూటర్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

టీవీ వెనుక హెచ్‌డీఎంఐ పోర్టులో పెడితే చాలు, టీవీయే కంప్యూటర్ అయిపోతుందని చెప్పి అమ్మే వేలెడంత ‘స్టిక్’ పరికరాల గురించి ఈ మధ్య ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. అందుకని ఈసారి శీర్షిక మొత్తం వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా ఇంట్లో 40 అంగుళాల మామూలు ఎల్‌ఈడీ టీవీ ఉంది. అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. విండోస్‌తో పనిచేసే స్టిక్ ఒకటి, కొన్నేళ్లు వాడినది, నాలుగు వేలకు ఇస్తానని తెలిసిన దుకాణదారు అంటున్నాడు. ల్యాప్‌టాప్ కొనే బదులు దీన్ని తీసుకోవచ్చా?
— ఒక ఉపాధ్యాయుడు, నంద్యాల

జవాబు: అబ్బాయి చదువు కోసమే అయితే ఆ నాలుగు వేలు దాని మీద పెట్టకండి. నా అభ్యంతరం దాని పరిమాణం గురించి కాదు, వయసు గురించి. ఈ రకం విండోస్ స్టిక్కులు మన దేశంలో 2015లో అమ్మకానికి వచ్చాయి. ఇంటెల్ వారి కంప్యూట్ స్టిక్ ధర 9,999 రూపాయలు, ఐబాల్ వారి స్ప్లెండో ధర 8,999 రూపాయలు. రెండింటిలోనూ ఉన్నది ఒకే ఆటమ్ ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజీ. పదివేల లోపు ధరకు అసలైన విండోస్ కంప్యూటర్‌ను చొక్కా జేబులో వేసుకుని తిరగగలగడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. అప్పట్లో ఇద్దరు ముగ్గురు మిత్రులకు నేనే కొనమని చెప్పాను కూడా.

అయితే ఆ ర్యామ్, స్టోరేజీ రెండూ బోర్డుకే అతికి ఉంటాయి కాబట్టి పెంచుకునే వీలు లేదు. విండోస్ ఆక్రమించినది పోగా మిగిలే కాస్త జాగా, ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చే పెద్ద అప్‌డేట్లకే చాలేది కాదు. ఇప్పుడు పరిస్థితి అంతకన్నా దిగజారింది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 వేయాలంటే కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ ఉండాలి. మీకు చూపించిన స్టిక్ ఆ తొలినాటి రకమే అయితే దానికి ముందుకు వెళ్లే దారి లేదు. విండోస్ బదులు తేలికపాటి లినక్స్ వేసి బతికించుకునే నేర్పరులు ఉన్నారు గానీ, పరీక్షల ఏడాదిలో ఉన్న పిల్లవాడి మీద ఆ పని పెట్టడం సబబు కాదు.

ఖర్చు లెక్క కూడా ఒకసారి చూడండి. స్టిక్ ధరకు కీబోర్డు, మౌస్ కలపాలి. తొలినాటి కంప్యూట్ స్టిక్‌లో మామూలు యూఎస్‌బీ పోర్టు ఒక్కటే ఉండేది. అందులో కీబోర్డు పెడితే మౌస్‌కు చోటుండదు కనుక, ఒక పోర్టును పలు పోర్టులుగా మార్చే యూఎస్‌బీ హబ్ కొనాలి, లేదా రెండూ బ్లూటూత్‌వి కొనుక్కోవాలి. ఇవన్నీ కలిపేసరికి నాలుగు వేలు నాలుగు వేలుగా మిగలదు.

డబ్బు లెక్కకు అందని చిక్కులు ఇంకో రెండు ఉన్నాయి. ఈ స్టిక్కులో బ్యాటరీ ఉండదు. కరెంటు పోయిన క్షణంలోనే అది ఆగిపోతుంది, దాచుకోని పని దానితోపాటే పోతుంది. ల్యాప్‌టాప్ అయితే కనీసం ఫైలు సేవ్ చేసుకునే వ్యవధి ఇస్తుంది. రెండోది, టీవీ ఇంటిల్లిపాదిదీ. అబ్బాయి ఈఏపీసెట్ నమూనా పరీక్ష రాసే మూడు గంటలూ ఇంట్లో ఎవరూ సీరియల్ గానీ వార్తలు గానీ పెట్టకుండా ఉండాలి. మొదటి వారం అందరూ సర్దుకుంటారు; నెల తిరిగేసరికి ఆ పిల్లవాడే అర్ధరాత్రి దాకా కాచుకుని కూర్చోవలసి వస్తుంది.

ఇంకొంత కూడబెట్టి, ఆఫీసులలో వాడి తీసేసిన ల్యాప్‌టాప్‌ను బాగుచేసి బిల్లుతో, వారంటీతో అమ్మేవారి దగ్గర తీసుకోండి. ఇంటెల్ ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే స్టోరేజీ), ఈ మూడూ ఉండేలా చూసుకోండి. ఎనిమిదో తరం అని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం, ఇంటెల్ కోర్ ప్రాసెసర్లలో అంతకు ముందు తరాల వాటిని విండోస్ 11 సాధారణంగా అంగీకరించదు. పెద్ద తెర కావాలనుకున్న రోజున ఒక హెచ్‌డీఎంఐ కేబుల్‌తో మీ 40 అంగుళాల టీవీనే దానికి తగిలించుకోవచ్చు.

ప్రశ్న: సినిమాలు చూడడానికి కొన్న స్టిక్, అరగంట బాగానే నడిచి ఉన్నట్టుండి ఆగిపోయి, కంపెనీ గుర్తుతో మళ్లీ మొదలవుతోంది. దుకాణంలో చూపిస్తే బాగానే పనిచేస్తోంది. లోపం టీవీలో ఉందా, స్టిక్కులో ఉందా?
— ఒక గృహిణి, తణుకు

జవాబు: అమ్మా, లోపం ఆ రెండింటిలోనూ కాక, స్టిక్కుకు కరెంటు అందే తీరులో ఉండే అవకాశమే ఎక్కువ. మీ స్టిక్కుకు కరెంటు టీవీ యూఎస్‌బీ పోర్టు నుంచి ఇస్తున్నారా? అయితే ఈ రాత్రే దాన్ని తీసి, స్టిక్కుతో పాటు వచ్చిన అడాప్టర్‌ను గోడ ప్లగ్గులో పెట్టి చూడండి.

స్టిక్ హెచ్‌డీఎంఐ పోర్టులో ఉన్నా, నడవడానికి కావలసిన విద్యుత్తు దానికి అక్కడి నుంచి అందదు, విడిగా ఇవ్వాలి. యూఎస్‌బీ 2.0 ప్రమాణం ప్రకారం పోర్టు ఇవ్వవలసినది 5 వోల్టుల దగ్గర అర ఆంపియరు, అంటే రెండున్నర వాట్లు. సినిమాలు చూపే స్టిక్కులకు సాధారణంగా 5 వాట్ల అడాప్టర్ ఇస్తారు, విండోస్ స్టిక్కులకు 10 వాట్లది ఇస్తారు. మెనూ కనిపిస్తున్నంతసేపూ తక్కువ కరెంటుతోనే గడిచిపోతుంది. నాణ్యమైన వీడియో మొదలై, వైఫై, ప్రాసెసర్ రెండూ గట్టిగా పనిచేయవలసి వచ్చినప్పుడు ఆ రెండున్నర వాట్లు చాలవు.

మా ఇంట్లోనూ ఇదే జరిగింది. నేను మొదట వైఫైని అనుమానించాను, తర్వాత యాప్‌ను తీసేసి మళ్లీ వేశాను, చివరికి స్టిక్కునే తిప్పి పంపబోయాను. ఆలోగా ఒక మిత్రుడు యూఎస్‌బీ మీటరు తెచ్చి టీవీకీ స్టిక్కుకూ నడుమ పెట్టాడు. మెనూలో ఉన్నప్పుడు అంకె 4.9 వోల్టులు చూపింది. సినిమా పెట్టగానే 4.7కు, పాట వచ్చేసరికి 4.5కు జారింది. మేమిద్దరం చూస్తుండగానే తెర నల్లబడింది, కంపెనీ గుర్తు వచ్చింది. అడాప్టర్‌కు మార్చాక అదే పాటను మూడుసార్లు వేసి చూశాం, అంకె 5 దగ్గర నుంచి కదలలేదు. ఆ అడాప్టర్ మొదటి రోజు నుంచీ డబ్బాలోనే ఉంది. ప్లగ్ పాయింటు దూరమని నేనే వాడలేదు.

దూరం చాలదని సన్నని మూడు మీటర్ల కేబుల్ తెచ్చి కలిపినా వోల్టేజీ దారిలోనే తగ్గిపోతుంది. పొడిగించవలసి వస్తే గోడ వైపు ఎక్స్‌టెన్షన్ బోర్డుతో పొడిగించండి, స్టిక్కుకు వచ్చిన కేబుల్‌ను మాత్రం మార్చకండి. అడాప్టర్‌తో ఇంకో మేలు కూడా ఉంది. చాలా టీవీలలో టీవీ కట్టేస్తే యూఎస్‌బీకి కూడా కరెంటు ఆగుతుంది కాబట్టి, స్టిక్ రాత్రిపూట అప్‌డేట్ దించుకుంటూ ఉంటే అది మధ్యలో తెగిపోతుంది, మర్నాడు సాయంత్రం మళ్లీ మొదటి నుంచి లేవవలసి వస్తుంది.

ప్రశ్న: ఎండాకాలంలో మా స్టిక్ ముట్టుకోలేనంత వేడెక్కి, బొమ్మ ఆగి ఆగి వస్తోంది. వైఫై కూడా సరిగా అందడం లేదు. రౌటరు పక్క గదిలోనే ఉంది.
— ఒక పాఠకుడు, రెంటచింతల

జవాబు: రాష్ట్రంలోనే పేరుపడ్డ ఎండలు మీవి, అందులోనూ గోడకు బిగించిన టీవీ వెనుక గాలి ఆడదు. వేడి హద్దు దాటితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, బొమ్మ ఆగి ఆగి రావడం అందుకే. వైఫై అందకపోవడానికీ ఆ చోటే కారణం. టీవీ వెనుక ఉండే లోహపు రేకు, సర్క్యూట్లు స్టిక్కుకూ రౌటరుకూ మధ్య అడ్డు నిలుస్తాయి. చాలా స్టిక్కుల డబ్బాలో జానెడు హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్ ముక్క ఒకటి ఉంటుంది, ఎందుకో తెలియక దాన్ని ఎవరూ వాడరు. దానితో స్టిక్కును టీవీ అంచు బయటకు వేలాడదీయండి. రౌటరులో 5 గిగాహెర్ట్జ్ వైఫై ఉండి, స్టిక్ దాన్ని అందుకోగలిగితే అటు మార్చండి. బ్లూటూత్ కూడా 2.4 గిగాహెర్ట్జ్‌లోనే నడుస్తుంది కనుక రిమోట్ తడబాటు కూడా తగ్గుతుంది.

ప్రశ్న: పేరున్న కంపెనీ స్టిక్ కన్నా తక్కువ ధరకు, ‘అన్ని ఓటీటీలూ జీవితాంతం ఉచితం’ అని ఒక ఆండ్రాయిడ్ బాక్సు అమ్ముతున్నారు. 4కే అని కూడా రాసి ఉంది. తీసుకుంటే నష్టమేమిటి?
— ఒక చిరు వ్యాపారి, ఖమ్మం

జవాబు: ఇది కొనవద్దని చేతులు పట్టుకుని చెప్పవలసిన విషయం. చందా కట్టవలసిన సినిమాలు ఉచితంగా వస్తున్నాయంటే అవి దొంగ దారిలో వస్తున్నాయని అర్థం. అసలు ప్రమాదం అంతకన్నా పెద్దది. 2024 సెప్టెంబరులో డాక్టర్ వెబ్ అనే భద్రతా సంస్థ, 197 దేశాలలో దాదాపు 13 లక్షల ఆండ్రాయిడ్ టీవీ బాక్సులలో ‘వోయిడ్’ అనే హానికర సాఫ్ట్‌వేర్‌ను గుర్తించింది. 2025 జూన్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ, ‘బ్యాడ్‌బాక్స్ 2.0’ పేరిట సాగుతున్న ఇటువంటి ముఠా గురించే ప్రజలను హెచ్చరించింది. మరుసటి నెలలో గూగుల్, కోటికి పైగా పరికరాలను ఆ ముఠా లోబరుచుకుందంటూ న్యూయార్క్ కోర్టులో దావా వేసింది. కొన్ని పరికరాలలో ఈ సాఫ్ట్‌వేర్ కొన్న తర్వాత చేరినది కాదు, మనం డబ్బా విప్పకముందే లోపల కూర్చున్నది.

అది మీ సినిమాను ఆపదు, మీకు కనిపించదు. మీ ఇంటి ఇంటర్నెట్ కనెక్షన్‌ను మీకు తెలియకుండా ఇతరులకు అద్దెకిస్తుంది. వాళ్లు చేసే మోసం మీ చిరునామా నుంచి జరిగినట్టు నమోదవుతుంది. మీరు వ్యాపారి. అదే వైఫై మీద మీ ఫోను ఉంటుంది, బ్యాంకు లావాదేవీలు జరుగుతాయి, బహుశా బిల్లులు కొట్టే కంప్యూటర్ కూడా ఉంటుంది.

4కే అని డబ్బా మీద రాయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. పెద్ద ఓటీటీ సంస్థలు హెచ్‌డీ, 4కే బొమ్మను ‘వైడ్‌వైన్ ఎల్1’ అనే భద్రతా స్థాయి లాంటి రక్షణ ఉన్న పరికరాలకే పంపుతాయి. అది లేని బాక్సులో మీరు చందా కట్టినా పాత డీవీడీ నాణ్యతే వస్తుంది. ఆండ్రాయిడ్ టీవీ పరికరం ఏది కొన్నా ప్లే స్టోర్ సెట్టింగులలో గూగుల్ వారి ‘ప్లే ప్రొటెక్ట్’ ధ్రువీకరణ ఉందో లేదో చూడండి. అమెజాన్ వారి ఫైర్ టీవీ స్టిక్కులో ప్లే స్టోరే ఉండదు, దానికి సొంత యాప్ స్టోర్ ఉంటుంది కాబట్టి ఈ పరీక్ష దానికి వర్తించదు.

ప్రశ్న: ఉద్యోగ విరమణ తర్వాత నా జ్ఞాపకాలు తెలుగులో టైపు చేసుకుంటున్నాను. కళ్లకు సుఖంగా ఉంటుందని కొత్త స్టిక్ కంప్యూటర్‌ను టీవీకి పెట్టించుకున్నాను. కానీ ఒత్తులు, గుణింతాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయి, తెర అంచుల్లో కొంత భాగం కనిపించడమే లేదు.
— ఒక విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: తెర పెద్దదైనంత మాత్రాన అక్షరం స్పష్టంగా కనిపించదు. టీవీ ఎనిమిది పది అడుగుల దూరం నుంచి కదిలే బొమ్మను చూడడానికి తయారైనది. రంగుల సమాచారాన్ని కొంత కుదించి చూపించడం, అంచులను కృత్రిమంగా పదును పెట్టడం దాని అలవాటు. ఆంగ్లాక్షరాలకు అది పెద్దగా తెలియదు. ‘స్త్రీ’, ‘దృష్ట్యా’ వంటి మాటల్లో మాత్రం ఒక ఒత్తు కింద మరో ఒత్తు వచ్చేసరికి గీతలు కలిసిపోతాయి.

టీవీ సెట్టింగులలో ఆ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌కు పేరు ‘పీసీ’ అని మార్చండి. చాలా టీవీలు ఆ పేరు చూడగానే రంగుల కుదింపు మానేస్తాయి. షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. అంచులు తెగిపోవడాన్ని ఓవర్‌స్కాన్ అంటారు. బొమ్మ పరిమాణం దగ్గర ‘జస్ట్ స్కాన్’ అనో ‘స్క్రీన్ ఫిట్’ అనో ఉంటుంది, అది ఎంచుకోండి. ఆ తర్వాత విండోస్ డిస్‌ప్లే సెట్టింగులలో స్కేలు 150 శాతం చేయండి. మీది 1366 × 768 చుక్కల ‘హెచ్‌డీ రెడీ’ టీవీ అయితే ఇవన్నీ చేసినా కొంతే బాగుపడుతుంది. రోజూ రెండు మూడు గంటలు రాసేవారికి బల్ల మీద రెండడుగుల దూరంలో పెట్టుకునే 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటరే మేలు. స్టిక్ మారనక్కరలేదు, దాన్నే మానిటరు వెనుక పెట్టుకోవచ్చు. ఒక్క విషయం చూసుకోండి, స్టిక్ నుంచి శబ్దం కూడా హెచ్‌డీఎంఐ గుండానే వస్తుంది కనుక మానిటరుకు స్పీకర్లు ఉండాలి.

ప్రశ్న: మా బడిలో దాతలు ఇచ్చిన టీవీలు ఆరు తరగతి గదుల్లో ఉన్నాయి. ఇంటర్నెట్ లేదు. పాఠాలు చూపించడానికి ఒక్కొక్కదానికీ స్టిక్ కొనాలా?
— ఒక ప్రధానోపాధ్యాయురాలు, ములుగు

జవాబు: ఇంటర్నెట్ లేనప్పుడు సినిమాల స్టిక్కు దాదాపు నిరుపయోగం, కొనకండి. పాఠాలు ఎంపీ4 వీడియోలుగా ఉంటే పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీ యూఎస్‌బీలో పెట్టండి, మామూలు ఎల్‌ఈడీ టీవీలు కూడా చాలావరకు చూపిస్తాయి. పవర్‌పాయింట్ స్లయిడ్లను జేపీజీ బొమ్మలుగా సేవ్ చేసుకుంటే అవీ అలాగే వస్తాయి. బొమ్మ మీద గీస్తూ చెప్పవలసిన పాఠాలు ఉంటే, గది గదికీ మోసుకెళ్లడానికి ఒక్క ల్యాప్‌టాప్, ఒక పొడవాటి హెచ్‌డీఎంఐ కేబుల్ చాలు.

ప్రశ్న: మా అమ్మాయి డాలస్ నుంచి వస్తూ అక్కడ వాడుతున్న స్టిక్ తెస్తానంటోంది. ఇక్కడ పనిచేస్తుందా? మేమిద్దరం పెద్దవాళ్లం.
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: టీవీతో ఇబ్బంది ఉండదు, హెచ్‌డీఎంఐ ఎక్కడైనా ఒకటే. అడాప్టర్ మీద సన్న అక్షరాలతో ‘100–240 వోల్టులు’ అని ఉందేమో చూడమనండి. ఉంటే మన 230 వోల్టులకు పనికివస్తుంది, అమెరికా చదును పిన్నులకు ప్లగ్ మార్చుకునే ముక్క ఒకటి కొంటే సరిపోతుంది. చిక్కు ఖాతాతో వస్తుంది. అమ్మాయి ఖాతా అమెరికాది కనుక యాప్ స్టోర్ అక్కడి యాప్‌లనే చూపించవచ్చు, మీకు కావలసిన తెలుగు యాప్‌లు కొన్ని కనిపించకపోవచ్చు. అమ్మాయి ఇక్కడ ఉన్న రోజుల్లోనే తన ఖాతా తీసేసి, మన దేశపు చిరునామాతో మీ పేరిట ఖాతా పెట్టించుకోండి. వీలుంటే టీవీలో హెచ్‌డీఎంఐ సీఈసీ అనే సదుపాయాన్ని కూడా ఆన్ చేయించుకోండి. అప్పుడు స్టిక్ రిమోట్‌లో ఇంటి బొమ్మ ఉన్న మీట నొక్కితే చాలావరకు టీవీ కూడా దానంతటదే వెలుగుతుంది. రెండు రిమోట్లు చేతబట్టుకుని, ఏ ఇన్‌పుట్‌లో ఉన్నామో వెతుక్కోవలసిన అవసరం మీ ఇద్దరికీ తప్పుతుంది.